దాహం పరీక్ష

కుళాయి కింద పింగాణీ గిన్నెలు ఒక్కొక్కటే కడుగుతోంది ఆ అమ్మాయి. అరచేతిలో రెండు పట్టేంత చిన్న గిన్నెలు. లోపల బ్రష్ తిప్పి, మూడుసార్లు కుళాయి నీళ్ళతో, మూడుసార్లు సీసాలోని శుద్ధమైన నీళ్ళతో తొలిచి, గుడ్డ మీద బోర్లిస్తోంది. పదకొండు అయ్యాయి. పన్నెండోది చేతిలో ఉంది.

“దాన్ని ఇందాకే కడిగావు, రెండుసార్లు,” అంది డిటెక్టివ్.

అమ్మాయి గిన్నె వంక చూసింది. “చూసుకోలేదు మేడమ్.”

“మనసు పని మీద లేనప్పుడు ఇంట్లో ఉండొచ్చు కదా. నాన్న పోయి నాలుగు రోజులే అయింది.”

“ఇంట్లో ఉంటే అమ్మ ముఖం చూడాలి.”

డిటెక్టివ్ ఎత్తు స్టూలు లాక్కుని కూర్చుంది. నలభై దాటిన మనిషి. ఈ పనిలోకి రాకముందు ఆరేళ్ళు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసింది కాబట్టి గాజుసామాను మధ్య ఆమెకు కొత్త లేదు. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు ఆమె ముఖం కంటే చేతుల్నే ఎక్కువ చూస్తుంది.

నాలుగు రోజుల కిందట పొద్దున ఆరూ నలభై ఐదుకి, ఇదే అంతస్తులో చివరనున్న ఫర్నేస్ గదిలో, ఈ అమ్మాయి తండ్రి నేల మీద పడి ఉండగా ఊడ్చే మనిషి చూసి గంట కొట్టింది. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. ఒంటి మీద గాయం లేదు. గదిలో పొగ లేదు, వాసన లేదు. ఉన్నదల్లా నైట్రోజన్.

నైట్రోజన్ విషం కాదు. మనం పీల్చే గాలిలో ముప్పావు వంతుకు పైగా అదే. కానీ గదిలో అదొక్కటే మిగిలితే, ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది. దగ్గు రాదు, కళ్ళు మండవు. రెండు మూడుసార్లు పీల్చేసరికి మోకాళ్ళు వదిలేస్తాయి. చచ్చిపోతున్నానని తెలుసుకునే వ్యవధి కూడా మనిషికి దొరకదు.

ముందు రోజు రాత్రి పదింటికి ఇంటికి వెళ్తూ పెద్దాయనే నైట్రోజన్ వాల్వు కట్టడం మరిచిపోయాడని కంపెనీ అంటోంది. ఈ రోజు నాలుగింటికి నివేదిక మీద సంతకం పడుతుంది. అందులో కారణం దగ్గర ఒకే మాట ఉంటుంది, నిర్లక్ష్యం. పెద్దాయన భార్య ఆ మాట విని, డిటెక్టివ్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. “ముప్పై ఎనిమిదేళ్ళు ఇంట్లో గ్యాసు పొయ్యి కూడా రెండుసార్లు చూసుకుని పడుకున్న మనిషి. ఆ మాట రాస్తే ఆయన ఇంకోసారి పోయినట్టే,” అంది.

“మీ నాన్న పని ఏమిటో చెప్పు. పుస్తకంలో ఉన్నట్టు కాదు, ఆయన చెప్పినట్టు,” అంది డిటెక్టివ్.

కూతురు గొంతు కొంచెం తేరుకుంది. “మేం ఇక్కడ చేసే పొడి చూపించి, ఇది పొడి కాదే, ఊరు అనేవారు. ఇసుకలో ఉండే పదార్థమే, కానీ లోపలంతా సందులు. కంటికి ఆనవు. చెంచాడు పొడిలో గోడలన్నీ విప్పి పరిస్తే ఆటస్థలమంత అవుతుందట. ఆ గోడల్లో అక్కడక్కడా టైటానియం కూర్చోబెడతాం. రిఫైనరీ నుంచి వచ్చే గ్యాసూ, పెరాక్సైడూ ఆ సందుల్లోంచి పోతూ టైటానియం దగ్గర కలుసుకుంటాయి. అటువైపు బయటికొచ్చేసరికి వేరే సరుకు. పరుపుల్లో స్పాంజీకీ, కారు సీట్లకీ, చెప్పుల అడుగులకీ అదే మొదలు.”

“సందులు బాగున్నాయని ఎలా తెలుస్తుంది?”

“మిషన్లున్నాయి. నాన్నకి మాత్రం దాహం పరీక్ష మీదే నమ్మకం.” తడి చేతులు కోటుకి తుడుచుకుంది. “ఫర్నేస్‌లోంచి తీసిన పొడి బాగా ఎండిపోయి ఉంటుంది. ఒక గిన్నెడు తీసి మూత లేకుండా త్రాసు మీద పెట్టేస్తారు. సందులు బాగుంటే గాలిలో తేమని తాగి బరువెక్కుతుంది. సందులు కూలిపోతే తాగదు. త్రాసు ఐదు నిమిషాలకోసారి బరువు అచ్చేసి చీటీ కక్కుతుంది. పొద్దున్నే ఆరింటికి వచ్చి నాన్న అది చూసుకునేవారు.”

“రాత్రంతా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి?”

కూతురు తల ఎత్తింది. “ఫ్యాన్ తిరిగితే త్రాసు వణుకుతుంది మేడమ్. అంకె నిలవదు. పరీక్ష పెట్టిన రాత్రి ఫ్యాన్ ఆపడం ఇక్కడ అలవాటు. ఎక్కడా రాసి లేదు. రాస్తే ఒప్పుకోరు.”

“ఈ అలవాటు ఎవరెవరికి తెలుసు?”

“నాన్నకి, నాకు, మా ఆయనకి.”

ఆమె భర్త రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు. ఈ ఫర్నేస్ గదీ, కింద రియాక్టర్ హాలూ రాత్రిపూట పెద్దాయన అల్లుడి చేతి కిందే నడుస్తాయి.

“ఆ రోజు నువ్వెప్పుడొచ్చావు?”

“ఆరూ యాభైకి. వేలిముద్ర మిషన్లో ఉంటుంది చూడండి.”

“నేను మిషన్ సంగతి అడగలేదు,” అంది డిటెక్టివ్ మెల్లగా. “సరే. ఆ చీటీ ఎక్కడుంది?”

“ఏ చీటీ?”

“ఆ రాత్రి త్రాసు కక్కిన చీటీ.”

గిన్నె చేతిలోంచి జారి తొట్టిలో పడింది. పగల్లేదు. కూతురు దాన్ని తీయనూ లేదు. “గదికి సీలు వేశారు కదా. అక్కడే ఉండాలి.” కుళాయి ధార అలా పోతూనే ఉంది. “మేడమ్, ఆ గదిలోకి మాత్రం నన్ను రమ్మనకండి.”

*

ఫర్నేస్ గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు స్టాంపు. కంపెనీ విచారణాధికారి ఆయన. పదేళ్ళలో పదహారు ప్రమాదాలు విచారించి, పదహారింటి మీదా నిర్లక్ష్యమనే స్టాంపు వేశాడని పనివాళ్ళు ఆ పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకు తెలుసు. అదో బిరుదులా మోస్తున్నాడు.

“రండి మేడమ్‌గారూ. నాలుగింటికి నా సంతకం. ఈలోపు భూతద్దం తిప్పుకోండి.”

“భూతద్దం తేలేదు సార్. ఇది తెచ్చాను.” బెల్టుకి తగిలించిన చిన్న మీటరు చూపించింది. గాలిలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మీటరు. అంకె 20.9 దగ్గర ఉంది.

“అంటే భయమన్నమాట.”

“అవును. మీకు లేదా?”

ఆయన నవ్వబోయి ఆగాడు. మూసిన తలుపు వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. టిక్, జర్ర్, టిక్. తర్వాత నిశ్శబ్దం.

“లోపల ఎవరున్నారు?” అంది డిటెక్టివ్.

“ఎవరూ లేరు. సీలు చూడండి, చెక్కు చెదరలేదు.” అంటూనే ఆయన కుర్చీ రెండడుగులు వెనక్కి జరిగింది.

సీలు తెంచారు. తలుపుకి స్ప్రింగు ఉంది. వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. ముఖం ఎత్తులో చిన్న అద్దం బిగించి ఉంది. ఐదడుగులు వేస్తే ఎదుటి గోడ తగిలేంత గది. కిటికీ లేదు. ఒక మూల బీరువా అంత ఫర్నేస్. దాని పక్కన ఎర్ర చక్రమున్న నైట్రోజన్ వాల్వు. ఫర్నేస్ వెనక నుంచి గోడ కన్నంలోకి పోవాల్సిన రబ్బరు గొట్టం మధ్యలో నిలువునా చిరిగి ఉంది. చుట్టూ వేసిన టేపు ఎండి ఊడిపోయింది. లోపల వదిలిన నైట్రోజన్ బయటికి పోయే దారి అదే. అది గదిలోకే పోతోందన్నమాట. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్. దాని స్విచ్చి ఆపి ఉంది.

తలుపు పక్కన గోడకి బోర్డు. *మనిషి పడి ఉంటే: ఒకటి, లోపలికి వెళ్ళకు. రెండు, తలుపు బార్లా తెరువు. మూడు, గంట కొట్టు.*

బల్ల మీద త్రాసు. త్రాసు పళ్ళెంలో ఆ రాత్రి పెట్టిన గిన్నె ఇంకా అక్కడే ఉంది. సీలు వేసినవాళ్ళు గదిలో అన్నీ ఆపారు గానీ త్రాసుని మరిచిపోయారు. నాలుగు రోజులుగా ఖాళీ గదిలో, ఐదు నిమిషాలకోసారి అది బరువు అచ్చేస్తూనే ఉంది. సన్నటి చీటీ బల్ల దిగి, నేల మీద చుట్టలు చుట్టలుగా పడి, తలుపు దాకా వచ్చింది. డిటెక్టివ్ ఇంకొంచెం ముందుకు అడుగేసి ఉంటే తొక్కేదే.

ఆమె నేల మీదే కూర్చుని చుట్టలు విప్పుకుంటూ వెనక్కి వెళ్ళింది. పావుగంట పట్టింది. ఆ రాత్రి పది గంటల దగ్గర వేలు ఆగింది.

“పదింటికి 10.00 గ్రాములు. పన్నెండింటికి 10.41. మూడింటికి 10.70. ఐదూ ఇరవైకి 10.86. చూశారా సార్, రాత్రంతా తాగుతూనే ఉంది.”

“తాగితే తాగింది. దానికీ నా నివేదికకీ ఏమిటి?”

“నైట్రోజన్ పదింటి నుంచే గదిలో నిండిందని మీ నివేదిక. నైట్రోజన్ ఎండు గ్యాసు, తేమ చుక్క ఉండదు. మరి పొడి ఏం తాగింది?”

స్టాంపు చీటీ వంక చూడలేదు. “పొడి కూడా సాక్ష్యం చెబుతుందా ఇప్పుడు?”

“మిగతావాళ్ళలా ఉద్యోగం పోతుందన్న భయం దానికి లేదు కదా.” వేలు కిందికి జరిగింది. “ఐదూ ఇరవై ఐదుకి 10.85. ఐదున్నరకి 10.82. అక్కడి నుంచి దిగడమే. ఎండు గ్యాసు వచ్చి పొడి తాగిందంతా కక్కిస్తోంది. నైట్రోజన్ వదిలింది ఐదూ ఇరవైకి. అప్పటికి పెద్దాయన ఇంట్లో ఉన్నారు. ఇక్కడ వేలు పెట్టింది ఐదూ యాభై ఎనిమిదికి.”

“త్రాసు చెడి ఉండొచ్చు.”

“చూద్దాం పదండి.”

ఆమె మీటరు విప్పి, అంకె తలుపు అద్దంలోంచి కనిపించేలా బల్ల మీద ఆనించింది. ఎర్ర చక్రం ఆ రోజు ఉన్నంత తిప్పి, బయటికొచ్చి తలుపు వదిలింది. అది మెత్తగా మూసుకుంది. “ఎవరూ లోపలికి వెళ్ళొద్దు,” అంది. పదకొండూ ఇరవై.

అద్దంలోంచి గది ఎప్పటిలాగే ఉంది. అదే బల్ల, అదే వెలుతురు. మీటరు అంకె మాత్రం దిగుతోంది. 20.1. 18.7. మీటరు కూత పెట్టడం మొదలెట్టింది. 16. టిక్, జర్ర్, టిక్ అని త్రాసు అచ్చేసింది. 13. 8. 5. గదిలో ఇంకే మార్పూ లేదు.

“ఇరవై నిమిషాలయింది. చాలు ఈ నాటకం,” అన్నాడు స్టాంపు. “కంపెనీ గ్యాసు తగలేస్తున్నారు.”

ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపే తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. వాల్వు నాలుగడుగుల దూరం. మూడో అడుగులో ఆయన చెయ్యి చాచాడు. చక్రానికి జానెడు ఇవతల గాలిని పట్టుకుని తిప్పాడు. ముఖం మీద చిరునవ్వు అలాగే ఉంది. మోకాళ్ళు వంగాయి.

డిటెక్టివ్ బయటున్న కుర్చీ తలుపుకి అడ్డం పెట్టింది. బయటి గాలి గుండెల నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి, మూడడుగులు లోపలికి వేసి ఆయన బెల్టు పట్టుకుని ఈడ్చింది. నడవాలో ఇద్దరూ కూలబడ్డారు. ఆమె పాక్కుంటూ వెళ్ళి నడవా గోడకున్న, గదిలోకి నైట్రోజన్ వచ్చే లైను వాల్వు కట్టేసింది.

నిమిషం తర్వాత స్టాంపు చూపు కుదుటపడింది. పెదవులు బూడిదరంగులో ఉన్నాయి. “కట్టేశాను కదా వాల్వు?”

“లేదు సార్. దాని దాకా మీరు వెళ్ళలేదు.”

“కట్టాను. చెయ్యి పెట్టి తిప్పాను. నాకు తెలుసు.”

ఆయన తన కుడి అరచెయ్యి విప్పి చాలాసేపు చూసుకున్నాడు.

ఫ్యాన్ వేసి, మీటరు మళ్ళీ 20.9 చూపించాక లోపలికి వెళ్ళారు. ఈసారి స్టాంపు ఆమె వెనక నిలబడ్డాడు. కొత్త చీటీలో అంకెలు దిగుతూ దిగుతూ వచ్చి, పదకొండూ నలభై ఐదు దగ్గర రెండు గీతలు పైకి లేచాయి.

“మీరు తలుపు తీసినప్పుడు బయటి గాలి జొరబడింది. పొడి ఒక గుక్క తాగింది,” అంది డిటెక్టివ్. పాత చీటీ దాని పక్కన పరిచింది. “ఇప్పుడు ఆ రోజుది చూడండి. దిగుతూ వచ్చి, ఆరింటికి చిన్న లేపు. అది పెద్దాయన లోపలికి వెళ్ళడం. మళ్ళీ దిగింది. ఆరూ పదికి ఇంకొకటి.”

స్టాంపు వంగాడు. ఈసారి చీటీ చూశాడు.

“ఆయన పడిపోయాక పది నిమిషాలైనా కాకముందు ఎవరో ఈ తలుపు తీశారు,” అంది ఆమె. “చూశారు. వదిలేశారు. తర్వాత ముప్పై ఐదు నిమిషాలు గంట మోగలేదు.”

“అల్లుడే. నైట్రోజన్ వదలగలిగినవాడు అతనొక్కడే.”

“వదిలింది అతనే కావచ్చు. కానీ ఆరింటి నుంచి ఆరూ నలభై దాకా అతను రియాక్టర్ హాలు గుమ్మం దాటి రాలేదు. షిఫ్టు మారే వేళ. పదకొండు మంది చూశారు. నిన్ననే అడిగాను.”

“మరి ఎవరు?”

టిక్, జర్ర్, టిక్. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“నాలుగింటి దాకా ఆగుతాను,” అన్నాడు స్టాంపు, చేతులు వెనక్కి కట్టుకుని. “ఆ తర్వాత నా దగ్గర ఏ కాగితం ఉంటే అదే వెళ్తుంది. నేనూ ఒకళ్ళకి జవాబు చెప్పుకోవాలి.”

*

పెద్దాయన ఇల్లు ఫ్యాక్టరీ వెనక గోడని ఆనుకున్న క్వార్టర్లలో ఉంది. మూడు గదులు. డిటెక్టివ్ వెళ్ళేసరికి మూడవుతోంది. కూతురు అప్పటికే వచ్చి ముందు గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. అల్లుడు నిద్ర లేచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి. కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

“తిన్నావా తల్లీ?” అంది పెద్దావిడ, డిటెక్టివ్‌ని చూడగానే.

“తిన్నానండీ.”

“ముఖం చూస్తే తిన్నట్టు లేదు. కూర్చో.”

డిటెక్టివ్ కూర్చుని, అల్లుడి వైపు తిరిగింది. “ఆ రోజు ఐదూ ఇరవైకి ఫర్నేస్ ఎంత వేడి మీద ఉందండీ?”

“గుర్తులేదు.”

“రాత్రి షిఫ్టు కాగితంలో మీరే రాశారు. మూడు వందల పది డిగ్రీలు. ఆరున్నరకి అందులోని పొడి రియాక్టర్లోకి ఎక్కాలి. దానంతటది చల్లారాలంటే ఎంతసేపు?”

అతను చొక్కా చివరి గుండీ పెట్టుకున్నాడు.

“ఐదారు గంటలు,” అంది కూతురు, నేల వంక చూస్తూ.

“నువ్వు ఊరుకో,” అన్నాడు అతను. తర్వాత రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. “పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పొడి ఎక్కకపోతే లైను ఆగుతుంది, నా షిఫ్టులో ఆగిందంటారు. త్వరగా చల్లారుతుందని నైట్రోజన్ బార్లా తిప్పాను. ఇదివరకు కూడా చేశాం. గొట్టం చిరిగిందని తెలుసు. ఫ్యాన్ లాగేస్తుందిలే అనుకున్నాను.” గొంతు తగ్గింది. “మామయ్య దాహం పరీక్ష పెట్టి ఫ్యాన్ ఆపారన్నది బుర్రలో లేదు. తిప్పేసి కిందికి వెళ్ళిపోయాను.”

పెద్దావిడ అతన్ని చాలాసేపు చూసింది. కేకలు వేయలేదు. డిటెక్టివ్ వైపు తిరిగి అడిగింది. “అంటే వాల్వు మరిచిపోయింది ఆయన కాదు.”

“కాదమ్మా. ఆయన ఏదీ మరిచిపోలేదు.”

“ఆ మాట తీసేస్తారా?”

“తీసేయాల్సిందే. చీటీ ఉంది.”

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఒక్కసారి కదిలాయి. నాలుగు రోజుల్లో ఆవిడ కూర్చున్న తీరు మొదటిసారి సడలింది. ఇక్కడితో లేచి వెళ్ళిపోవచ్చని డిటెక్టివ్‌కి తెలుసు. అడిగిన పని అయిపోయింది. కానీ రేపటి నుంచి ఆ గదిలో మళ్ళీ మనుషులు పనిచేస్తారు, ఆ తలుపు తీసి చూసి వదిలేసిన చెయ్యి వాళ్ళ మధ్యే తిరుగుతుంది.

“ఇంకొకటి ఉందమ్మా,” అంది.

“మేడమ్, చాలు,” అంది కూతురు.

ఆ గొంతు విని పెద్దావిడ తల తిప్పింది.

డిటెక్టివ్ అడిగింది. “ఆ రోజు వెళ్ళేటప్పుడు ఆయన ఏమేం పట్టుకెళ్ళారు?”

“ఏముంటాయి? తాళాలు, రుమాలు, పెన్ను. కళ్ళద్దాలు ఇక్కడే మరిచిపోయారు. అవి లేకపోతే త్రాసు అంకె కనపడదని ఇది జడ కూడా వేసుకోకుండా తీసుకుని వెనకాలే పరుగెత్తింది. చిన్నప్పటి నుంచీ దీనికి అంతే, నాన్నకి ఏది కావాలన్నా ముందు ఇదే.”

“ఎన్నింటికి పరుగెత్తింది?”

“ఆయన గుమ్మం దాటిన పది నిమిషాలకి. ఆరు కొట్టింది అప్పుడే.”

డిటెక్టివ్ ఇంకో ప్రశ్న వేయలేదు. పెద్దావిడ తనంతట తనే లేచి, అలమరలోంచి ఆసుపత్రివాళ్ళిచ్చిన కవరు తీసి మంచం మీద బోర్లించింది. తాళాలు, రుమాలు, పెన్ను. ఖాళీ కవరు ఇంకోసారి దులిపింది. తర్వాత అలమర పై అరలోకి చూసింది. కళ్ళద్దాలు మడిచి, గుడ్డ మీద పెట్టి ఉన్నాయి.

“రోజూ వీటిని తుడుస్తున్నాను,” అంది పెద్దావిడ. “పొద్దున్నే తుడిచి అక్కడే పెడుతున్నాను. ఇవి ఇంటికెలా వచ్చాయని ఒక్కసారి అనుకోలేదు.”

“అమ్మా…”

“చెప్పు.”

“వద్దే,” అన్నాడు అల్లుడు.

“దాన్ని చెప్పనీ బాబూ.”

కూతురు మోకాళ్ళ చుట్టూ చేతులు బిగించుకుంది. “తలుపు తీశాను. నాన్న వాల్వు పక్కన పడి ఉన్నారు. లోపలికి వెళ్ళకూడదు. వెళ్తే నేనూ పడతాను, మాకు మొదటి రోజు నేర్పేది అదే. కాళ్ళు కూడా కదల్లేదు. తలుపు వదిలేసి గంట దగ్గరికి పరుగెత్తాను. తెరిచి ఉంచాలన్నది తట్టలేదమ్మా. గంట రియాక్టర్ హాలు గుమ్మం పక్కనే. ఈయన గుమ్మంలోనే ఉన్నారు. లోపలివాళ్ళకి ఈయన వీపే కనపడుతుంది, నేను కాదు.”

“తర్వాత?”

“నా చెయ్యి పట్టుకున్నారు. ఒక్క నిమిషం ఆగు అన్నారు. ఇప్పుడు గంట కొడితే నన్ను తీసుకెళ్తారు, ఆయన ఎలాగూ పోయి ఉంటారు, నీకు నాన్నా ఉండడు, నేనూ ఉండను అన్నారు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు కొట్టినా ఇంతసేపు ఎందుకు ఆగావంటారు. వచ్చిన వెనక గేటులోంచే ఇంటికొచ్చాను, అక్కడ వేలిముద్ర మిషన్ లేదు. నువ్వు పెరట్లో ఉన్నావు. ఆరూ యాభైకి మళ్ళీ వెళ్ళి వేలు పెట్టాను.”

డిటెక్టివ్ చూపు అల్లుడి మీదే ఉంది. అందరూ కూతుర్ని చూస్తుండగా అతను ఎప్పుడు కదిలాడో, వీధి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. చెయ్యి గడియ మీద ఉంది. గోడ మీద గడియారం మూడూ ముప్పై ఐదు చూపిస్తోంది.

“అత్తయ్యా,” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, అదే భయం వేసేలా ఉంది. “మామయ్య పేరు నిలబడింది. నేను వాల్వు తిప్పానని రాసుకోనివ్వండి, పొరపాటు అంటాను, ఒప్పుకుంటాను. ఆ రెండో సంగతి ఈ నాలుగ్గోడల మధ్యే ఉంటే మీ అమ్మాయి మీకు మిగులుతుంది. ఈవిడకి మనం చెప్పుకుందాం. ఈవిడ కూడా మనిషే కదా.” గడియ సగం జరిపాడు. “కూర్చుని మాట్లాడుకుందాం. నాలుగు దాటనివ్వండి.”

డిటెక్టివ్ మెల్లగా లేచింది. అతనికీ తనకీ మధ్య ఎన్నడుగులో లెక్కేసుకుంది. ఫ్యాక్టరీ వెనక గోడ దళసరి, ఇక్కడ ఎంత అరిచినా అటు వినపడదు. స్టాంపు రెండో లేపు సంగతి ఎవరికీ చెప్పడు, ఆయనకి కావాల్సింది కాగితం. నాలుగింటికి ఆమె అక్కడ లేకపోతే పాత కాగితమే వెళ్తుంది.

పెద్దావిడ అల్లుడి మాట విన్నట్టే లేదు. కూతురి ముందు గొంతుక్కూర్చుంది. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

“నువ్వు తలుపు తీసినప్పుడు,” అంది, “ఆయన కదిలారా?”

కూతురు కళ్ళు మూసుకుంది.

“నన్ను చూసి చెప్పు.”

“వేళ్ళు,” అంది కూతురు. ఇంకేం రాలేదు.

పెద్దావిడ చెయ్యి ఆ గడ్డం కింద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత, పసిపిల్ల ముఖం కందకుండా వదిలినట్టు, మెత్తగా వదిలేసింది. నేలకి చెయ్యి ఆనించి లేచింది. కొంగు సర్దుకుంది. నడిచి వెళ్ళి అల్లుడి ఎదురుగా నిలబడింది.

అతను గడియ మీద చెయ్యి తీయలేదు. “అత్తయ్యా, మీ కూతురు,” అన్నాడు.

ఆవిడ అతని భుజం దాటి తలుపు వంకే చూస్తూ నిలబడింది. గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఎంతసేపు గడిచిందో. చివరికి అతని వేళ్ళు ఒకటొకటే వదులయ్యాయి. పక్కకి జరిగాడు.

పెద్దావిడ గడియ తీసింది. చెప్పులు వేసుకోలేదు. కూతురు “అమ్మా” అని ఒక్కసారి పిలిచింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. మెట్లు దిగింది. వీధిలో కుడివైపు బస్సులు ఆగే చోటు. ఎడమవైపు ఫ్యాక్టరీ గేటు.

ఆవిడ ఎడమవైపు తిరిగింది.